పాత సర్వర్‌కు చేరిన మాటలు

శ్యాంసుందర్ తండ్రి సిరిసిల్ల నుంచి సూరత్‌కు మగ్గం పనికి వచ్చినవాడు. పవర్‌లూముల మోతలో బతికి బతికి, ముసలితనం రాకముందే ఆయనకు చెవులు పోయాయి. ఇంట్లో ఎంత గట్టిగా పిలిచినా పలికేవాడు కాదు. తన కొడుకు మాత్రం మోత లేని చోట కూర్చుని పని చేయాలని పట్టుబట్టి కంప్యూటర్ డిప్లొమా చదివించాడు. ఆ చదువుతో శ్యాంసుందర్ సలాబత్‌పురాలో ఒక చీరల కంపెనీ హెడ్డాఫీసులో చేరాడు. పెళ్లి కుదిరిన కబురు ఆ కుర్చీలో కూర్చునే విన్నాడు. బిడ్డ పుట్టిందన్న ఫోనూ అక్కడికే వచ్చింది. అక్కడే తల నెరిసింది.

ఆఫీసు వెనక ఏసీ పెట్టిన చిన్న గదిలో సర్వర్ ఉండేది. కంపెనీకి వచ్చే మెయిళ్లు, సిబ్బంది ఒకరికొకరు రాసుకునే మెసేజీలు అన్నీ దాని గుండానే పోయేవి, దాన్లోనే నిలవుండేవి. దాన్ని కనిపెట్టుకుని ఉండడమే శ్యాంసుందర్ పని. బయట వానపడితే తడిసిన బట్టల కంటే ముందు ఆ గది గోడకు చెమ్మ వచ్చిందేమోనని చూసుకునే మనిషి.

ఆయన భార్య విజయశ్రీ జోల్వాలో ఉన్న ఆ కంపెనీ మగ్గాల యూనిట్‌లోనే ఆఫీసు పని చేసేది. నేసిన బట్ట ఏ లాటు ఏ రంగుల మిల్లుకు పోవాలో చూడడం ఆమె బాధ్యత. యూనిట్లో పనిచేసే ఆఫీసువాళ్లకు కంపెనీ తలా ఒక ఫోను ఇచ్చింది. అందులో కాల్ చేసుకోవచ్చు, ఆఫీసు మెసేజీలు రాసుకోవచ్చు, అంతే. వాట్సాప్ లాంటివి పెట్టుకోనిచ్చేవారు కాదు. మొగుడూ పెళ్లాలిద్దరూ పగలంతా ఆ ఆఫీసు మెసేజీల్లోనే మాట్లాడుకునేవారు. అన్నం తిన్నావా, వచ్చేటప్పుడు కొత్తిమీర తే, మీ సేఠ్ మా సూపర్‌వైజర్ మీద ఎందుకు కోపంగా ఉన్నాడు, ఇలాంటివే. తెలుగు మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టేది విజయశ్రీ. తప్పులుంటే శ్యాంసుందర్ వెక్కిరించేవాడు, ఆమె ఇంకా తప్పులు రాసేది.

మొదటి లాక్‌డౌన్‌లో ఆఫీసుకు తాళం పడింది. కరెంటు పోయి సర్వర్ ఆగిపోయింది. తాళం తీయడానికి పర్మిషన్ దొరికేదాకా కంపెనీకి ఒక్క మెయిలూ రాలేదు, ఒక్కటీ పోలేదు. కంపెనీ యజమాని సేఠ్‌కు అది మనసులో నాటుకుంది. ఇక మన యంత్రం మన గదిలో ఉండడం వద్దు, అన్నీ క్లౌడ్‌కు మార్చేద్దాం, ఎవరి ఇంట్లో వాళ్లు కూర్చున్నా పని ఆగకూడదు అన్నాడు. అంటే మెయిళ్లూ మెసేజీలూ ఆ గదిలోని సర్వర్‌లో కాక, ఎక్కడో దూరాన ఇంకొకరు నడిపే పెద్ద యంత్రాల్లో ఉంటాయి. ఇంటర్నెట్ ఉంటే చాలు, ఎక్కడినుంచైనా అందుతాయి. ఆ మార్పు చేసే పని శ్యాంసుందర్‌దే. ఏర్పాట్లు సాగి సాగి రెండో ఏడు ఏప్రిల్‌కు వచ్చాయి. అప్పటికి ఊరంతా రెండోసారి జబ్బు అలుముకుంది.

విజయశ్రీకి జ్వరం వచ్చింది. మొదట మామూలు జ్వరమే అనుకున్నారు. తర్వాత మెట్లెక్కితే ఆయాసం మొదలైంది. లింబాయత్‌లోని వాళ్ల సందులోకి అంబులెన్స్ రాలేక మలుపులో ఆగింది. ఆమె బయల్దేరుతూ తన సొంత ఫోను కోసం చెయ్యి చాచింది. ఆ ఫోనులో కూతురు చాందిని ఆన్‌లైన్ క్లాసు వింటోంది. ఆ పూట టెస్టు ఉందని అంది పిల్ల. తండ్రి ఫోను ఎప్పుడూ ఆఫీసు కాల్స్‌తో మోగుతూనే ఉంటుంది, అమ్మమ్మ ఎల్లవ్వది బటన్ల ఫోను.

“ఉండనియ్యి బిడ్డా, సక్కగ రాయి. నాకు ఆఫీసు ఫోనున్నది కద,” అని విజయశ్రీ ఆ ఫోనే చేతిసంచిలో వేసుకుని వెళ్లింది.

ఆస్పత్రి లోపలికి ఇంటివాళ్లను రానివ్వలేదు. గేటు బయట టెంటు వేసి కుర్చీలు వేశారు. బంధువులంతా అక్కడే పడిగాపులు. పేరు చెబితే టేబుల్ దగ్గరి అమ్మాయి లోపలికి ఫోన్ చేసి, పేషెంట్ ఎలా ఉందో చెప్పేది. విజయశ్రీ మొహానికి ఆక్సిజన్ మాస్కు పెట్టారు. మాట్లాడితే ఆయాసం, మాట్లాడినా మాస్కులోంచి వినబడదు. అందుకని పాత అలవాటు ప్రకారం ఆఫీసు మెసేజీల్లోనే రాసేది. శ్యాంసుందర్ వాటిని చదివి ఇంటికి ఫోన్ చేసి అత్తకూ కూతురికీ చెప్పేవాడు. ఆమె అడిగినవి సంచిలో పెట్టి పేరు రాసి టేబుల్ మీద ఇచ్చేవాడు.

అంతా మార్చే రోజు దగ్గర పడింది. ఇంకెవరినైనా పెట్టుకుందామా అని సేఠ్ అడగకపోలేదు. కానీ ఆ సర్వర్ లోతుపాతులు ఇంకెవరికీ తెలియవు. శ్యాంసుందర్ భార్యకు సంగతి రాశాడు. ఆమె వెంటనే జవాబిచ్చింది. గేటు బయట నిలబడి ఏం చేస్తవ్, పో, పని చూస్కో, నాకేం కాదు అని.

ఆయన వెళ్లేముందు చేయాల్సినవన్నీ చేశాడు. కొత్త మెసేజీల యాప్ ఆమె ఫోనులో ఎక్కించమని వార్డు ఆయాను ఫోన్లో బతిమాలాడు. ఆయా ఎక్కించింది. కొత్త దాన్లోంచి విజయశ్రీ ‘వచ్చింది’ అని ఒక ముక్క రాసింది. ఇక నుంచి దీన్లోనే రాయి అని ఆయన రాశాడు. సరే అంది.

శనివారం పొద్దున సలాబత్‌పురా వెళ్లి ఆ గదిలో కూర్చున్నాడు. బజారంతా మూసి ఉంది. ఒక్కొక్కరి మెయిల్ పెట్టె తెరిచి అందులో ఉన్న ఏళ్లనాటి మెయిళ్లన్నీ క్లౌడ్‌కు పంపించాడు. అవి చేరాయో లేదో సరిచూసుకున్నాడు. మధ్యాహ్నానికల్లా, ఇకపై వచ్చే మెయిళ్లన్నీ కొత్త చోటికే మళ్లేలా తిప్పేశాడు. మెసేజీలు కూడా ఆ గంట నుంచి కొత్త యాప్‌లోనే. తన ఫోనులోంచి పాత యాప్‌ను తీసేశాడు. పాత సర్వర్‌ను ఆపేయాల్సింది. కానీ ఏదైనా తేడా వస్తే వెనక్కి తిరగడానికి దారి ఉండాలని, ఎందుకైనా మంచిదని, దాన్ని అలాగే నడవనిచ్చి గది తలుపు మూసి వచ్చేశాడు. అది ఆయన జాగ్రత్త. ఎప్పుడూ ఆ జాగ్రత్తతోనే పని చేశాడు.

ఆ రోజూ, మరునాడూ కొత్త యాప్‌లో భార్యకు రాస్తూనే ఉన్నాడు. జవాబు రాలేదు. ఫోన్ చేస్తే మోగి మోగి ఆగిపోయేది. టెంటు దగ్గరికి పరుగెత్తాడు. టేబుల్ దగ్గరి అమ్మాయి లోపల కనుక్కుని, పడుకుంది, ఆక్సిజన్ ఫరవాలేదు అని చెప్పింది. నిద్ర మంచిదే అనుకున్నాడు. నిద్రపోనీ, లేపకూడదు అని ఫోన్ చేయడం కూడా తగ్గించాడు. ఇంటికి ఫోన్ చేసి అదే చెప్పాడు. చాందిని అడిగింది, “అమ్మ ఏమన్న మెసేజ్ పెట్టిందా బాపూ?” అని. లేదన్నాడు. అది అబద్ధం అనుకుని చెప్పిన మాట కాదు.

సోమవారం పొద్దున ఆస్పత్రి నుంచి ఫోను వచ్చింది.

మొహం మీది జిప్పు తీసి దూరం నుంచి చూపించారు. చాందినిని తీసుకురావద్దన్నారు. ఎల్లవ్వ వస్తానని గుమ్మం దాకా వచ్చి, అక్కడే కూర్చుండిపోయిందట. శ్మశానంలో సేవా సంస్థ కుర్రాళ్లే అంతా చేశారు. శ్యాంసుందర్ వరుసలో తన వంతు వచ్చేదాకా ఎండలో నిలబడి, వంతు రాగానే ఏం చేయాలో తెలియక వాళ్లు చెప్పినట్టల్లా చేశాడు. చేతిసంచీ, కంపెనీ ఫోనూ తర్వాత ఇచ్చారు. ఫోను చార్జింగ్ అయిపోయి చచ్చి ఉంది. అది జోల్వా యూనిట్‌ది కాబట్టి తీసుకెళ్లి అక్కడ ఊర్మిళకు ఇచ్చేశాడు. ఊర్మిళ ఆమె పక్క సీటు. ఫోను అందుకుని కళ్లకద్దుకుంది. తర్వాత కంపెనీ పద్ధతి ప్రకారం దాన్ని పూర్తిగా తుడిచి కొత్తగా చేరిన మనిషికి ఇచ్చారు.

ఇంట్లో ముగ్గురూ ముగ్గురు పరాయివాళ్లలా తిరిగారు. ఎల్లవ్వ వండేది, వీళ్లు తినేవాళ్లు. చాందిని తల్లి ఫోను ముట్టుకోవడం మానేసింది. క్లాసులకు పోనందుకు స్కూలు నుంచి ఫోన్ వస్తే, ఒంట్లో బాగాలేదని చెప్పించింది. ఎవరూ ఒకరి ముందు ఒకరు ఏడవలేదు.

శ్యాంసుందర్ పనిలోకి వెళ్లాడు. సేఠ్ అందరికీ మెయిల్ పెట్టాడు. ఇంత కష్టంలోనూ శ్యాంభాయి పని ఆపలేదు, ఒక్క మెయిలు, ఒక్క మెసేజీ పోకుండా మనల్ని క్లౌడ్‌కు చేర్చాడు అని. జవాబుగా అందరూ చేతులు జోడించిన బొమ్మలు పెట్టారు. చనిపోయినవాళ్లవీ, పని మానేసి ఊళ్లకు పోయినవాళ్లవీ ఖాతాలు మూసేయమని తర్వాత కబురొచ్చింది. విజయశ్రీది ఇంకొకరు మూయడం ఇష్టం లేక ఆయనే మూశాడు. కొత్త దాన్లో ఆమె రాసింది ఒక్కటే ఉంది, ‘వచ్చింది’ అని. దాన్ని మరోసారి చదివి, మూసేశాడు.

వానలు మొదలయ్యాక పాత సర్వర్‌ను తీసేద్దామన్నారు. ఆ గదిని చీరల శాంపిళ్లకు వాడుకుంటారట. యంత్రాన్ని అమ్మే ముందు దాన్లో ఉన్నదంతా చెరిపేయాలి. భోజనాల తర్వాత శ్యాంసుందర్ ఆ గదిలోకి వెళ్లాడు. ఎన్నాళ్లుగానో మూసి ఉన్న గది, యంత్రం మాత్రం నడుస్తూనే ఉంది. చెరిపే ముందు అలవాటు కొద్దీ ఒకసారి చూసుకున్నాడు, అంతా మార్చిన తర్వాత ఇందులోకి ఏమైనా వచ్చి పడ్డాయా అని. మెయిళ్లేమీ లేవు. మెసేజీలు ఉన్నాయి. అన్నీ ఒకే మనిషివి. అన్నీ ఆయనకే రాసినవి.

ముందు అర్థం కాలేదు. తారీఖులు చూశాక అర్థమైంది. విజయశ్రీ ఫోనులో పాత యాప్, కొత్త యాప్ రెండూ పక్కపక్కనే ఉన్నాయి. జ్వరంలో, మగతలో, ఆమె చెయ్యి అలవాటైన దాని మీదికే పోయింది. వార్డులో మోత రాకుండా పెట్టిన ఫోనులో ఆయన కాల్సూ, కొత్త యాప్ మెసేజీలూ ఆమె చూసి ఉండదు. తను ఆ సర్వర్‌ను ఆపేసి ఉంటే మెసేజీ పోలేదని ఫోను చెప్పేది. ఆమె కొత్తది తెరిచేది. కానీ అది నడుస్తూనే ఉంది కాబట్టి, రాసినవన్నీ బుద్ధిగా తీసుకుంది. ఆయన చూడని చోట దాచింది.

ఆ కుర్చీలోనే కూర్చుని చదివాడు. తలుపు తట్టి టీ కావాలా అని ఎవరో అడిగితే, వద్దన్న సంగతి కూడా తర్వాత గుర్తు లేదు. చదివినవాటిని తన ఫోనులోకి ఎక్కించుకున్నాడు. తర్వాత యంత్రాన్ని చెరిపేశాడు. సాయంత్రం పాత సామాన్లవాడు వచ్చి దాన్ని టెంపోలో పెట్టుకుని పోయాడు.

ఇంట్లో చెప్పలేదు. చెప్తే ఏమవుతుంది అని తనలో తాను తర్కించుకున్నాడు. అమ్మ చేతిలో ఆమె సొంత ఫోనే ఉండి ఉంటే అన్న మాట పిల్ల మనసులో పడుతుంది. ఆ ఫోను పిల్ల దగ్గర ఉండిపోయింది క్లాసు కోసమే కదా. పదిహేనేళ్ల పిల్ల అది మోయగలదా. తను ఒక్కడే మోద్దాం అనుకున్నాడు. మోయడం మొదలుపెట్టాక అన్నం సయించలేదు. ఆఫీసులో కొత్త యాప్ టింగుమని మోగినప్పుడల్లా ఉలిక్కిపడేవాడు.

ఒక ఆదివారం పొద్దున చాందిని వచ్చి ఆయన ముందు నిలబడింది. స్కూలు మానేస్తానంది. ఎందుకని ఆయన అడిగాడు.

“అమ్మ నా మీద గుస్సాతోనే పోయింది బాపూ. ఫోను ఇయ్యలేదని. అందుకే లాస్ట్‌కు ఒక్క మాట గూడ అడగలేదు నన్ను.”

తను దాచి పెట్టి పిల్లను కాపాడుతున్నా అనుకుంటుంటే, ఆ పిల్ల ఇంతకాలం ఇది మోస్తోంది. శ్యాంసుందర్ ఆమెను కూర్చోబెట్టి ఉన్నదున్నట్టు చెప్పాడు. మార్చిన సంగతి, పాతదాన్ని ఆపకుండా వచ్చిన సంగతి, దొరికిన సంగతి. ఏదీ మిగల్చలేదు.

“అడిగింది బిడ్డా. నిన్నే అడిగింది. నాకు చేరలే.”

చాందిని ఆయన మొహంలోకి చూసింది.

“నువ్వు ఆ పాతది బంద్ చేసి ఉంటే చేరుతుండెనా?”

“చేరుతుండె.”

పిల్ల లేచి లోపలికి పోయింది. ఆ తర్వాత చాలా రోజులు తండ్రితో మాట్లాడలేదు. ఆయన పెట్టిన కంచం దగ్గర కూర్చునేది కాదు. ఎల్లవ్వకు ఏదో జరిగిందని తెలుసు, ఏమిటో తెలియదు. ఇద్దరి మధ్యా అన్నం గిన్నె పట్టుకుని తిరిగేది. ఆయన మాత్రం ఒక పని చేశాడు. తన ఫోను రోజూ సాయంత్రం ఇంటికి రాగానే అందరికీ కనబడేలా గట్టు మీద పెట్టేవాడు. తీసుకొమ్మని చెప్పలేదు. పాస్‌వర్డు పిల్లకు తెలుసు.

ఒక సాయంత్రం ఆయన ఇంటికి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే చాందిని ఆ ఫోను తీసుకుంది. ఎల్లవ్వ గుమ్మంలో కూర్చుని చిక్కుడుకాయ తుంచుతోంది. వెళ్లి ఆమె పక్కన కూర్చుంది.

“అమ్మమ్మా, అమ్మ దవాఖానల ఉండంగ రాసినయి. చదువుతా, వింటవా?”

ఎల్లవ్వ చేతిలోని కాయ అలాగే ఆగింది. చదువు బిడ్డా అంది. ఆమెకు చదువు రాదు. ఫోనులో వచ్చిన మాట ఎప్పటిదో ఎలా వచ్చిందో ఆమెకు ఎవరూ చెప్పలేదు.

పిల్ల చదవడం మొదలుపెట్టింది. తల్లి రాసిన ఇంగ్లీషు అక్షరాల్లోంచి తల్లి మాటను కూడబలుక్కుంటూ చదివింది.

“ఫ్లాస్క్‌ల వేడి నీళ్లు పంపుతవా. దూప అయితాంది.”

“పంపిస్త బిడ్డా,” అంది ఎల్లవ్వ.

చాందిని తలెత్తి చూసింది. ముసలామె ఎటో చూస్తోంది, సందు వైపు. పిల్ల మళ్లీ చదివింది.

“నోరంత చేదుగున్నది. అమ్మకు చెప్పి జర పచ్చిపులుసు చేయించు.”

“చేస్త. ఉల్లిగడ్డ సన్నగ కోసి చేస్త. నీకు ఇష్టమే గద.”

“పక్క మంచం ఆమెను తీస్కపోయిన్రు. భయమైతాంది.”

“నేనున్న బిడ్డా. భయపడకు.”

“చూస్తలేవా? పొద్దటి సంది చూస్తాన. జవాబియ్యవేంది.”

ఎల్లవ్వ చిక్కుడుకాయలున్న చేటను పక్కకు జరిపింది. శ్యాంసుందర్ తువ్వాలు పట్టుకుని గోడ దగ్గరే నిలబడిపోయాడు.

తర్వాతి దాంట్లో ఆమెకు జోల్వా పని గుర్తొచ్చింది. ఆకుపచ్చ లాటు వేరే మిల్లుకు పోయింది, ఊర్మిళకు చెప్పు అని రాసింది. చాందినికి ఆ లాటు సంగతేమిటో తెలియక రెండుసార్లు తడబడింది. ఆ తర్వాతిది తన గురించే. నెమ్మదిగా చదివింది.

“చాందిని టెస్టు ఎట్ల రాసింది? ఫోను దాని తానే ఉండనియ్యి. దాన్ని కోపం చెయ్యకు.”

“మంచిగ రాసింది బిడ్డా,” అంది ఎల్లవ్వ. ఆ టెస్టు పిల్ల సగంలో వదిలేసిందని ఆమెకు తెలుసు.

చాందిని మోచేత్తో కళ్లు తుడుచుకుంది. ఇంకొకటి ఉంది.

“పని అయిందా?”

ఎల్లవ్వ అల్లుడి వైపు తిరిగింది. పిల్ల కూడా ఇన్ని రోజుల తర్వాత మొదటిసారి తండ్రి వైపు చూసింది. శ్యాంసుందర్ గోడకు ఆనుకుని కింద కూర్చున్నాడు.

“అయింది, విజయా,” అన్నాడు.

“అయిందంట బిడ్డా,” అంది ఎల్లవ్వ కాస్త గట్టిగా, దూరాన ఉన్న మనిషికి చెప్పినట్టు.

ఆఖరిదాంట్లో మాటలు లేవు. ఏవో నాలుగు అక్షరాలు, ఏ మాటా కానివి. చాందిని వాటిని చదవాలని చూసి, చదవలేక, ఇంక లేవు అమ్మమ్మా అని ఫోను ఒళ్లో పెట్టుకుంది. కాసేపటికి లేచి, గోడ దగ్గర కూర్చున్న తండ్రి పక్కకు వెళ్లి కూర్చుంది. ఆయన భుజం మీద తల పెట్టింది. ఆ ఇంట్లో ముగ్గురూ కలిసి ఏడ్చింది ఆ సాయంత్రమే. సందులో మగ్గాల షిఫ్టు మారి మనుషులు ఇళ్లకు వస్తున్నారు. గుమ్మం ముందు నుంచి పోతున్నవాళ్లు ఒక క్షణం ఆగి, లోపలికి చూసి, ఏమీ అడక్కుండా ముందుకు పోయారు.